ఇద్దరి పేపర్లలో ఒకే తప్పు

2003 వేసవి. అనంతపురంలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీ. పేరు చెప్పను, చెప్పినా ఇప్పుడది ఆ పేరుతో లేదు. పరీక్షలు తానే పెట్టుకుని, పేపర్లు తానే దిద్దుకునే అధికారం ఉన్న కాలేజీ. నేను అక్కడ స్టాటిస్టిక్స్ లెక్చరర్ని. ఆ రోజుల్లో జిల్లాలో ఎక్కడ లాగరిథమ్ అనే మాట వినపడినా జనం నా ఇంటి వైపు చెయ్యి చూపించేవాళ్ళు. తాడిపత్రి నుంచి తనకల్లు దాకా నా పేరు తెలియని డిగ్రీ విద్యార్థి లేడు.

ఇది కొంచెం ఎక్కువైంది. నా పేరు మా కాలేజీ గేటు దాటి పోలేదు. గేటు దగ్గర వాచ్‌మన్‌కి కూడా నేను లెక్కల సారునే. అసలు లెక్కల సారు వేరే ఉన్నాడు, ఆయనకి నా మీద కోపం అందుకే. వయసు మీద పడ్డాక మనిషికి మిగిలే సుఖాల్లో కోతలు కొయ్యడం ఒకటి. కోసినవి ఎక్కడివక్కడ సరిచేస్తూ పోతాను, మీరు కంగారు పడకండి.

ఈ పని గురించి తెలియనివాళ్ళకి రెండు మాటలు చెప్పాలి. హైపోథిసిస్ టెస్టింగ్ అని డిగ్రీలో ఒక పాఠం ఉంటుంది. ఒక అనుమానాన్ని అంకెలతో తేల్చుకునే పద్ధతి. కొత్త ఎరువు వేసిన చేలో పంట ఎక్కువ వచ్చిందని ఒకడంటాడు. మనం వెంటనే ఔననం, కాదనం. ‘తేడా ఏమీ లేదు’ అని మొదట ఒక వాక్యం రాసుకుంటాం. దాని పేరు నల్ హైపోథిసిస్. తేడా ఉందనేవాడే రుజువు తేవాలి. తెచ్చిన రుజువును ఒక అంకెగా మారుస్తాం. ఆ అంకె 1.96 అనే గీత దాటితే మొదట రాసుకున్న వాక్యాన్ని కొట్టేస్తాం, దాటకపోతే ఉంచుతాం. అంతే పాఠం. కానీ ఆ అంకె దగ్గరికి పోవాలంటే మధ్యలో వర్గమూలాలు, భాగహారాలు అడ్డం వస్తాయి. పరీక్ష హాల్లోకి కాలిక్యులేటర్ రానివ్వం. లాగ్ టేబుల్స్ చూసి చెయ్యాలి. భాగహారాన్ని తీసివేతగా, వర్గమూలాన్ని సగం చెయ్యడంగా మార్చిపెట్టే అంకెల పట్టిక అది. సన్న అక్షరాలు, చెమట చేతులు, బెంచీకి ఒక పుస్తకం. సగం మంది పిల్లలు పాఠం రాక కాదు, పట్టికలో ఒక వరుస కిందికి జారి తప్పుతారు.

ఆ ఏడు చివరి సంవత్సరంలో సుజాత, ఎస్తేరు అని ఇద్దరమ్మాయిలు ఉండేవాళ్ళు. ఇద్దరిదీ బుక్కరాయసముద్రం. సుజాత వాళ్ళు రైతులు. ఎస్తేరు వాళ్ళమ్మ సుజాత వాళ్ళ ఇంట్లోనే కూలికి పోయేది. సాయంత్రం కాలేజీ నుంచి పోయాక ఎస్తేరు కూడా అమ్మ పక్కన కూర్చుని విత్తనానికి బుడ్డలు, అంటే వేరుశనక్కాయలు, ఒలిచేది. ఇద్దరూ ఒకే రోజు కాలేజీలో చేరారు కాబట్టి హాల్ టికెట్ నంబర్లు పక్కపక్కనే పడ్డాయి. ముందు సుజాత, వెనక ఎస్తేరు.

ఒక రోజు క్లాసులో లెక్క ఇస్తే అందరూ పట్టిక తిరగేస్తుంటే ఎస్తేరు అప్పుడే ముగించి కూర్చుంది.

“టేబుల్ తెరవకుండా ఎట్ల చేసినావు మే?” అన్నాను.

“నోటికొచ్చు సార్.”

“ఎంత వరకు?”

“ఇరవై దాంకా. ఎక్కాలు రావా, అట్లనే సార్.”

“యాడ నేర్చుకున్నావు?”

“సుజాత వాళ్ళింట్లో సార్. పుస్తకం ఆయమ్మ పట్టుకుని సదువుతాది. నా చేతులు బుడ్డల్లో ఉంటాయి గదా, నేను ఇని అప్పజెప్తా. ఆయమ్మకు ఇనిపించి ఇనిపించి నాకొచ్చె, సదివి సదివి ఆయమ్మకొచ్చె.”

క్లాసు నవ్వింది. సుజాత సిగ్గుపడింది. “రాగం కూడా ఉండాది సార్, పాడమను,” అని వెనక బెంచీ అన్నది. ఎస్తేరు వెనక్కి తిరిగి, “నీకు పాడినా ఎక్కదు, ఊరుకో,” అంది. నేను ఆ సాయంత్రమే స్టాఫ్ రూములో, నా శిష్యులకు లాగరిథమ్‌లు కంఠస్థమని చెప్పుకున్నాను. నేను కనిపెట్టిన బోధనా పద్ధతి అని కూడా చెప్పుకున్నాను. ఆ పద్ధతి కనిపెట్టింది ఒక బుడ్డల కుప్ప అని మీకు తెలిసిపోయింది కాబట్టి వేరే సరిచెయ్యనక్కర్లేదు.

పరీక్షలు వెనక్కి జరిగి జరిగి మే నెలలో పడ్డాయి. అప్పటికే ఎస్తేరుకు బి.ఇడి. ప్రవేశ పరీక్షలో మంచి ర్యాంకు వచ్చి ఉంది. డిగ్రీ పాసైన కాగితం చూపిస్తే సీటు. చూపించకపోతే లేదు. “ఈ ఏడు సీటు రాకుంటే మా మామ తాడిపత్రిలో పనికి పెడ్తాడంట సార్. మా నాయన సరే అనేసినాడు. ఈ ఏడు దాంకానే నాకు టైము,” అని నాతో నవ్వుతూనే అన్నది. నవ్వుతూ చెప్పినంత మాత్రాన అది తమాషా కాదని నాకు తెలుసు.

పేపర్లు దిద్దడం అయ్యాక ఒక మధ్యాహ్నం ప్రిన్సిపాల్ గది నుంచి కబురు. వెళ్ళేసరికి ప్రిన్సిపాల్ ఎదురుగా నరసింహులు కూర్చుని ఉన్నాడు. ఫిజిక్స్ లెక్చరర్, పరీక్షల ఇన్‌ఛార్జి కూడా. బల్ల మీద రెండు జవాబు పత్రాలు.

“ఏమప్పా, నీ శిష్యురాండ్లు దొరికిపోయినారు,” అన్నాడు నరసింహులు. “ఏడుకు లాగ్ ఎంత?”

“పాయింట్ ఎనిమిది నాలుగు అయిదు ఒకటి.”

“హాల్లో అందరూ అదే రాసినారు. వీళ్ళిద్దరు మాత్రం ఎనిమిది అయిదు నాలుగు ఒకటి. ముందొకరు, ఎనకొకరు. ఇంకేం కావాల నీకు?”

చూస్తే నిజమే. రెండు అంకెలు తారుమారు. ఆ లెక్క ఎలాంటిదంటే, 5.2ను ఏడు వర్గమూలంతో భాగించాలి. సరిగ్గా చేస్తే 1.965 వస్తుంది, గీత దాటుతుంది, తేడా ఉన్నట్టు. అంకెలు తారుమారైతే 1.945 వస్తుంది, గీత దాటదు, తేడా లేనట్టు. కాబట్టి హాలంతా ‘తేడా ఉంది’ అని రాస్తే వీళ్ళిద్దరూ ‘తేడా లేదు’ అని రాశారు. అది ఆ పేపర్లు దిద్దిన ఇంకో లెక్చరర్ కంట్లో పడింది. కాపీ అని ఎర్ర సిరాతో రాశాడు. విచారణకి ముగ్గురు సభ్యులు: ప్రిన్సిపాల్, నరసింహులు, సబ్జెక్టు తెలిసినవాడిగా నేను.

నేను రెండు పేపర్లూ పక్కపక్కన పెట్టుకుని చదివాను. చదివేకొద్దీ నాకు ప్రాణం లేచొచ్చింది. ఎస్తేరు ఏడు లాగ్‌ను ముందు సగం చేసి, తర్వాత తీసివేసింది. సుజాత 5.2ను వర్గం చేసి 27.04 రాసుకుని, దాని లాగ్ పట్టికలో చూసి, అందులోంచి ఏడు లాగ్ తీసేసి, చివర్లో సగం చేసింది. ఇద్దరూ వేర్వేరు దారుల్లో నడిచి ఒకే గుంటలో పడ్డారు. ఒకరిది చూసి ఇంకొకరు రాస్తే దారి కూడా అదే ఉండాలి కదా. ఆ మాటే అన్నాను.

“తెలివిగల్లది గాబట్టి దారి మార్చింది,” అన్నాడు నరసింహులు.

“ఎవరు?”

“ఇంకెవురు? ఎస్తేరు. ఎనక కూర్చున్నిందే గదా.”

“వెనక కూర్చున్నది సుజాత అయ్యుంటే?”

“అడ్డదిడ్డంగా మాట్లాడొద్దప్పా.”

అప్పుడు నేను లేచి నిలబడి నల్ హైపోథిసిస్ గురించి ఒక ఉపన్యాసం ఇచ్చాను. విచారణ అంటే ‘కాపీ జరగలేదు’ అనే వాక్యంతో మొదలు కావాలి, జరిగిందనేవాడే గీత దాటేంత రుజువు తేవాలి, మనం ‘జరిగింది’ అని రాసుకుని మొదలుపెట్టాం కాబట్టి ఏ రుజువు ఎదురొచ్చినా అది వాళ్ళ తెలివితేటల కిందే జమ అవుతోంది అని ఉరిమాను. ప్రిన్సిపాల్ కళ్ళు చెమ్మగిల్లాయి.

నిలబడలేదు. కుర్చీలోనే కొంచెం ముందుకు జరిగాను. ఉరమలేదు, గొంతు సవరించుకున్నాను. కరెంటు పోయి ఫ్యాన్ ఆగిపోయి ఉంది, ప్రిన్సిపాల్ ముఖం మీద తడి అంతా చెమట. కానీ ఆ మాటలు మాత్రం అన్నాను. వాటితోపాటు ఇంకో మాట కూడా అన్నాను. “వాళ్ళకు లాగ్‌లు నోటికొచ్చు సార్. కలిసి నేర్చుకున్నారు. ఒక్కొక్కరినే పిలిచి అప్పజెప్పించండి.”

ప్రిన్సిపాల్ చెడ్డవాడు కాదు. సరేనన్నాడు. సుజాతను లైబ్రరీలో కూర్చోబెట్టి, ముందు ఎస్తేరును పిలిచారు.

“రెండు నుంచి మొదలుపెట్టు పాపా,” అన్నాను.

చేతులు కట్టుకుని నిలబడింది. కళ్ళు కిందికి దించి, రెండు బొటనవేళ్ళను ఒకదాని మీద ఒకటి నొక్కుతూ, పొట్టు చిట్లగొడుతున్నట్టు, రాగం అందుకుంది. “రెండుకు మూడు సున్నా ఒకటి సున్నా... మూడుకు నాలుగు ఏడు ఏడు ఒకటి...” అయిదు సరిగ్గా చెప్పింది. ఆరు సరిగ్గా చెప్పింది. “ఏడుకు ఎనిమిది అయిదు నాలుగు ఒకటి,” అని ఏ అనుమానమూ లేకుండా ఎనిమిదిలోకి పోయింది. ఇరవై దాకా మళ్ళీ ఎక్కడా తప్పలేదు.

ఆమెను బయటికి పంపి సుజాతను పిలిచారు. అదే రాగం. అదే చోట ఊపిరి. ఏడు దగ్గర అవే అంకెలు.

“ఇది నీకు ఎవరు నేర్పినారమ్మా?” అన్నాడు ప్రిన్సిపాల్.

“నేనే పుస్తకంలో చూసి ఎస్తేరుకు చెప్తాన్నింటి సార్. దానికి పుస్తకం లేదు,” అంది సుజాత.

అంటే తప్పు ఎక్కడ పుట్టిందో కూడా తేలిపోయింది. సన్న అక్షరాల్లో నాలుగు, అయిదు తారుమారుగా చదివిన కళ్ళు సుజాతవి. చేతులు ఖాళీ లేక విని నమ్మిన చెవులు ఎస్తేరువి. పరీక్షలో ఇద్దరూ చిన్న అంకెలకు పట్టిక తెరవలేదు. నోటికొచ్చినదాన్ని ఎవరు వెతుకుతారు? నేను గెలిచాననుకున్నాను. నా ఉద్యోగ జీవితంలో ఒక టెస్టు అంత శుభ్రంగా రావడం అదే మొదలు.

ప్రిన్సిపాల్ నవ్వి, “ఏమంటావు నరసింహులూ?” అన్నాడు.

నరసింహులు నవ్వలేదు. “కలిసి నేర్చుకున్నారని తేలింది సార్. చూసి రాయలేదని యాడ తేలింది? కూడబలుక్కునే అలవాటు ఉండాదని ఇంకా గట్టిపడింది. దిద్దినాయన ఎర్రసిరాతో రాసినాక మనం ఊకే వదిలేస్తే, రేపు ప్రతి ఒక్కడూ వచ్చి ఈడ రాగాలు తీస్తాడు. ఫైలు మూయాలంటే ఏదో ఒకటి తేలాల.”

ఇక్కడ మా కాలేజీ రూలు ఒకటి చెప్పాలి. కాపీ అని తేలితే చూసినవాళ్ళకూ చూపించినవాళ్ళకూ ఇద్దరికీ ఒకే శిక్ష, రెండేళ్ళు పరీక్షలు రాయకూడదు. అయితే ‘నాకు తెలియకుండా నాది చూసి ఉండవచ్చు’ అని ఒకరు రాసిస్తే, వాళ్ళను వదిలేయవచ్చు. మంచి ఉద్దేశంతో పెట్టిన రూలే. అమాయకులు చిక్కుకోకూడదని. అది ఎలా పనిచేస్తుందో నేను ఆ రెండు రోజుల్లో చూశాను. నరసింహులు ఆ రూలును ఇద్దరమ్మాయిలకూ చదివి వినిపించి, రేపు రమ్మన్నాడు.

మరుసటి రోజు సుజాత వాళ్ళ నాయన్ను వెంటబెట్టుకుని వచ్చింది. ఆయన ప్రిన్సిపాల్ గదిలో కూర్చుని వానల గురించి మాట్లాడాడు. కూతురు ఒక కాగితం ఇచ్చింది. వాళ్ళు బయటికొచ్చాక వరండాలో ఆమెను ఆపాను.

“ఏం రాసిచ్చినావు సుజాతా?”

“అబద్ధం రాయలేదు సార్.” కళ్ళు ఎర్రగా ఉన్నాయి. “‘ఎస్తేరు నా ఎనక కూర్చున్నింది. నా పేపరు దానికి కనపడే దూరంలో ఉన్నింది. నేను ఎనక్కి తిరిగి చూడలేదు.’ అంతే సార్ రాసింది. అది నిజమే గదా సార్?”

వాళ్ళ నాయన దూరం నుంచి, “రామ్మా, బస్సు టైమాయ,” అన్నాడు. ఆమె పోయింది.

మూడు వాక్యాలు. ఒక్కటీ తప్పు కాదు. నా పాఠంలో ఇలాంటివి వందలు చూశాను. ప్రతి అంకె సరిగ్గా ఉంటుంది, జవాబు మాత్రం మనిషిని ముంచుతుంది.

తర్వాత ఎస్తేరును పిలిచారు. ఆమెతో ఎవరూ రాలేదు. అమ్మ పనికి పోయింది. కాగితం చదివి వినిపించాడు నరసింహులు. ఆమె సుజాత పేరు వినపడగానే ఒకసారి తలుపు వైపు చూసింది, అంతే.

“నేను చూడలేదు సార్.”

“చూడలేదని రుజువుందా?”

“చూడనిదానికి రుజువు ఎట్ల తెచ్చేది సార్?”

“మాటకు మాట చెప్తాండావే.”

“అడిగినారని చెప్పినా సార్. అడక్కపోతే ఊరికే ఉందును.”

నేను మళ్ళీ దారుల తేడా గురించి చెప్పాను. రాగం గురించి చెప్పాను. సుజాత స్వయంగా తనే నేర్పానని నిన్న ఇదే గదిలో అన్నదని గుర్తుచేశాను. ప్రిన్సిపాల్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. “నువ్వు చెప్పేది బాగానే ఉండాదప్పా. కానీ రాతపూర్వకంగా ఉండేది ఇదొక్కటే,” అన్నాడు. తీర్మానం రాసిన కాగితాన్ని నా ముందుకు తోస్తే దాన్ని నాలుగు ముక్కలుగా చించి వాళ్ళ ముఖాన కొట్టి బయటికి నడిచాను.

చించలేదు. ఎన్నోసార్లు మనసులో చించాను కాబట్టి ఇప్పుడు అదే నిజంగా జరిగినట్టు నాకే అనిపిస్తుంది. కింద నా అసమ్మతి కారణాలతో సహా రాసి సంతకం పెట్టాను. ముగ్గురిలో ఇద్దరి సంతకాలు చాలు. నా అసమ్మతి చాలా చక్కని తెలుగులో ఉంది. ఫైల్లో భద్రంగా పెట్టారు. ఎస్తేరుకు రెండేళ్ళు.

ఆ సంవత్సరం చివర్లో మా ఇంటి వంటగదికి బండలు తీసుకుందామని తాడిపత్రి పోయాను. ఒక పాలిషింగ్ యూనిట్‌లో బండలకు కొలతలు వేసి చదరపు అడుగులు రాస్తున్న మనిషి తలకు గుడ్డ చుట్టుకుని, కనుబొమల మీద తెల్ల పొడితో ఉంది. ఎస్తేరు. తనే ముందు గుర్తుపట్టింది.

“ఏం సార్, బక్కచిక్కినారు.”

“నువ్వు తెల్లబడినావు,” అన్నాను. నవ్వింది. పని ఎలా ఉందని అడిగాను. మిషను రొద తప్ప బాగానే ఉందంది. రెండేళ్ళు ఎంతలో అయిపోతాయి, మళ్ళీ రాయి, నేనే ఫీజు కడతాను, నేనే చెబుతాను అన్నాను. ఆమె టేపు చుట్టుకుంటూ అంది:

“సార్, ఒకటి అడగల్నా?”

“అడుగు.”

“టెస్టింగ్‌లో మనం ముందే ఒప్పుకుంటాం గదా సార్, నూటికి అయిదుసార్లు ఏ తప్పూ లేనిదాన్ని తప్పని కొట్టేసినా పర్వాలేదని. ఆ అయిదూ ఎవురెవురో ఎవురికీ ముందు తెలియకపోతేనే గదా అది లెక్క? మా ఊర్లో అయితే అందరికీ ముందే తెలుసు సార్. మావోల్లే. అది కూడా లెక్కే అంటారా?”

అవతల మిషను బండ మీద తిరుగుతోంది. అది ఆగాక ఎస్తేరు నేను తీసుకున్న బండల్లో పగుళ్ళు ఉన్నవి ఏరి పక్కన పెట్టించి, మంచివి లారీకెత్తించింది.

ఎస్తేరు రెండేళ్ళ తర్వాత వచ్చి పరీక్ష రాసింది, మొదటి తరగతిలో పాసైంది, ఇప్పుడు ఒక హైస్కూల్లో లెక్కల టీచర్. నలుగురిలో ఈ సంగతి చెప్పేటప్పుడు ఇలాగే ముగిస్తాను, వినేవాళ్ళకు ఆ పూట అన్నం సహిస్తుంది. మీరు చదువుతున్నారు కాబట్టి చెబుతున్నాను, ఆమె రాయలేదు. నేను రెండుసార్లు మనిషిని పంపాను. రెండోసారి, మా సారుకు దండాలు చెప్పు, ఇంక పంపించొద్దను అంది. టీచరైంది సుజాత. నన్ను ఎక్కడ చూసినా వంగి నమస్కారం పెడుతుంది, పెట్టి గబగబా వెళ్ళిపోతుంది.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఆ పాఠం చెబుతూనే ఉన్నాను. లాగ్‌లూ గీతలూ పిల్లలు ఎలాగో నేర్చుకుంటారు. అంకె తప్పితే ఎవరైనా దిద్దవచ్చు. అంకెల కంటే ముందు రాసుకున్న వాక్యం తప్పితే, తర్వాత ఎంత సరిగ్గా చేసినా ఆ లెక్క దిద్దడానికి కుదరదని నాకు ఆ కేసు నేర్పింది. అందుకే ఇప్పుడు ఎవరైనా నా అరుగు మీద కూర్చుని ఫలానా మనిషి ఫలానా తప్పు చేసిందని మొదలుపెడితే, రుజువేమిటని అడగను. ఆ పేరు ఎప్పుడు అనుకున్నారు, రుజువు దొరికాకనా, దొరకక ముందా అని అడుగుతాను. కాఫీ తాగి లేచిపోతారు.